కావలసిన పరికరాలు

చండూరు బస్సు పోయిందంటే పదకొండు.
పొయ్యి మీద ఎసరు మసులుతుంటది.
వంట షెడ్డుకు, బడికి నడుమ ఒక్కటే గోడ.
ఆ గోడకు ఈపు ఆనిచ్చి
కూరగాయలు తరుగుకుంట
తొమ్మిదేండ్ల సంది
ఒకటి నుంచి ఐదు దాకా చదువుతనే ఉన్న.
ఒక్క పరీచ్చ రాయలె.

ఇద్దరు సార్లు, ఐదు తరగతులు.
బోర్డు మీద సుద్దతోని గీతలు కొట్టి
అన్నదమ్ములు చెలక పంచుకున్నట్టు పంచుకుంటరు.
ఒకటోళ్ల 'వల' మీదికి
నాలుగోళ్ల భాగారం కాళ్లు జాపుతది,
శేషం మిగిలితే గట్టు మీద రాసుకుంటరు.
ఎవరి పాఠం వాళ్లే ఇనుండ్రి అంటడు పెద్దసారు.
చెవులకు గట్లుంటయా?

ఇంగ్లీషు గంటల
సైదులుగాడు ఊరు లేచేటట్టు అరుస్తడు:
ది బఫెలో గివ్స్ మిల్క్.
వాళ్ల బర్రె వట్టిపోయి రెండు నెల్లాయె.
'గివ్స్' కాడ జర గొంతు తగ్గిస్తడు.

లెక్కలు నాకు ముందుగాలే వచ్చు.
తలకు వంద గ్రాములు, ముప్పై ఎనిమిది తలలు.
కేతావత్ మౌనిక అమ్మానాయినతోని
పూనకు పోయిననాడు ముప్పై ఏడు.
నా చెయ్యి మాత్రం మూడు నెలలు
ముప్పై ఎనిమిదికే పోసింది.
ఆ వంద గ్రాములు ఏ గడిల రాయాల్నో
సారును అడగలె.

పటం మీద కృష్ణ నీలం గీత.
మన ఊరు ఇగో, ఈ చుక్క అని చూపిస్తడు.
గీతకు చుక్కకు బెత్తెడు లేదు.
మా బిందెకు
ఆ బెత్తెడు దాటనీకె రెండు తరాలు పట్టింది.

ఇగ పోయిన బేస్తారం
మూడోళ్లకు నీళ్ల పాఠం.
"నీటికి రంగు లేదు. రుచి లేదు. వాసన లేదు."
పిల్లలు మూడుమాట్ల చదివిండ్రు.
నాకు నోరాగలె.
గంటె చేతులనే వట్టుకొని గడపకాడికి పోయిన.
"సారూ, ఏ నీళ్లకు?"

సారు కొత్త. సూర్యాపేట దిక్కోడు.
నా మొకం కాదు, మోకాళ్లు చూసిండు.
మెల్లగ పుస్తకం మూసిండు.
"ఏమంటవు ఈదమ్మా?"
"నేనేం అంట? పప్పునడుగురి."

గిన్నెలు రెండు. పిడికెడు పిడికెడు కందిపప్పు.
ఒకదాంట్ల పాత బోరు నీళ్లు,
ఇంకోదాంట్ల నల్లా నీళ్లు.
ముప్పై ఎనిమిది మంది పొయ్యి సుట్టు.
మౌనిక తిరిగొచ్చిన వారమది.
నీళ్లను తండల పాణి అంటరంట, పూనల పాణి అంటరంట,
"మన బడిల్నే పెద్దమ్మా,
నీరు అని ఒకటి, వాటర్ అని ఒకటి!"

నల్లా పప్పు మెత్తగ మెదిగింది.
బోరు పప్పు గంట దాటినా
గులకరాళ్ల లెక్క
ఒకదాన్నొకటి గుద్దుకుంట మోగింది.
ఇనుండ్రి, అన్నడు సారు.
అందరు చెవులు వంచిండ్రు.

"నువ్వీ నీళ్లు ఎన్నేండ్లు తాగినవ్?"
అడిగింది జహంగీర్.
లెక్క చేసి చెప్పు బిడ్డా అన్న.
పుట్టిన సాలు చెప్పమన్నడు.
అది నాకు తెల్వదు.
లెక్క ఆడ్నే ఆగిపోయింది.

తిన్నంక మౌనిక నోటుబుక్కు తెచ్చింది.
చదువుత ఇను, అన్నది.
ప్రయోగం: పప్పు.
కావలసిన పరికరాలు:
గిన్నెలు, కందిపప్పు, రెండు తీర్ల నీళ్లు,
కట్టెలు, అగ్గిపెట్టె, ఈదమ్మ.

"అగ్గిపెట్టె తర్వాతనా నేను?"
రబ్బరుతోని తుడిపి
గిన్నెల కంటె మీద రాసింది.

కింద ఒక గడి ఖాళీ. 'ఫలితం' అట.
ఏం రాయాలె పెద్దమ్మా?
నేను గిన్నెలు తోముతున్న.
బోరు గిన్నె లోపల సుట్టూరా
తెల్లటి చారిక,
బూడిదకు పోలె, పీచుకు పోలె.
ఇగో, ఇది రాయి అన్న.

మౌనిక గోటితోని గీకి చూసింది.
రాలె.
మళ్ల గీకింది.